సీపీయూకి పరదా కట్టిన ఎండాకాలం

ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఆ గదిలోకి చెప్పులు విడిచి రావాలన్న రోజులవి. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. శ్రీరాంపూర్ కాలనీలో మా వరుస క్వార్టర్లన్నింటికీ కలిపి ఒక్కటే కంప్యూటర్ ఉండేది, అది మా ముందు గదిలో ఉండేది, దానికి యజమానిని నేను. ఇరవై ఏళ్లవాడికి అంతకన్నా పెద్ద పదవి ఏం కావాలి? మంచిర్యాలలో మూడు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌ను గోడకు తగిలించి (దాంట్లో నా పేరు తప్పు పడింది, దిద్దించుకునే తీరిక కూడా లేనంత తొందరలో ఉన్నాను), నన్ను నేనే ఇంజనీరుగా నియమించుకున్నాను. కాలనీలో ఎవరి టీవీ పాడైనా, ఎవరి రేడియో గరగరమన్నా నాకే కబురొచ్చేది. వెళ్లి, వెనకాల చెయ్యి పెట్టి, కాసేపు తల ఊపి, "బోర్డు పోయింది" అని చెప్పి చాయ్ తాగి వచ్చేవాణ్ని. ఎవరింట్లో ఏది పోయినా నా చేతిలో బోర్డే పోయేది.

నాకున్న లోటల్లా ఒక్కటే, మా బాపు చేసే పని. లోటు అనడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ అప్పటి మాట అప్పటిలాగే చెప్పాలి కదా. మా కాలనీలో అందరి తండ్రులూ బొగ్గుబాయికి పోయేవాళ్లే. ఒకడి బాపు బొగ్గు కోసేవాడు, ఒకడి బాపు మందు పెట్టి పేల్చేవాడు, పక్క క్వార్టర్ హాలేజ్ కాక బొగ్గు తొట్లను పైకి లాగే ఇంజన్ నడిపేవాడు (అందుకే ఆ పేరు, అసలు పేరు చెప్పాలంటే ఆయన భార్య కూడా కాసేపు ఆలోచించేది). మా బాపు మాత్రం పరదాలు కట్టేవాడు. భూమి లోపల మనుషులు పనిచేసే చోటికి గాలి దానంతటది పోదు. పైన పెద్ద ఫ్యాను లాగుతుంటే, దగ్గర దారి చూసుకుని తిరిగి బయటికే వెళ్లిపోతుంది. దాన్ని మళ్లించి చిట్టచివర ఉన్న మనిషి దాకా తీసుకుపోవడానికి అక్కడక్కడా దారులకు అడ్డంగా మందపాటి గుడ్డ పరదాలు కడతారు. కట్టే మనిషి మా బాపు. బడిలో సారు "మీ బాపు ఏం పని చేస్తడు రా?" అని అడిగితే లేచి నిలబడి "ఫిట్టర్ సార్" అనేవాణ్ని. పరదాలు కట్టడమంటే పెండ్లి పందిరి వాళ్ల పని అని నా అభిప్రాయం.

ఆ ఎండాకాలం ఒకరోజు బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చి నా కీబోర్డు మీద పెట్టాడు. (కీబోర్డు మీద ఏమీ పెట్టొద్దని అప్పటికి వందసార్లు చెప్పి ఉంటాను.)

"గిదేంది బాపూ?"

"అన్‌ఫిట్ కాగితం. నేను దిగిపోత. నా జాగల నువ్వెక్కాలె. సంతకం వెట్టు."

మా దగ్గర పద్ధతి అది. ఇక పని చేతకాదని డాక్టర్లు రాస్తే తండ్రి బాయి నుంచి దిగిపోవచ్చు, ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. క్వార్టర్ పోదు, దవాఖాన పోదు, నెల జీతం పోదు. నా ఈడు పిల్లలు ఆ సంతకం కోసం ఎన్ని గుళ్లకు మొక్కుకున్నారో నాకు తెలుసు. నేను మాత్రం కీబోర్డు మీద తేలు ఎక్కినట్టు వెనక్కి జరిగాను.

"నేను బాయిల దిగ బాపూ. నాకు కంప్యూటర్ ఉన్నది. పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేస్త. ఇంట్లనే కూసోని పని."

బాపు కంప్యూటర్ వైపు ఒకసారి చూశాడు. అదే సమయానికి, ఎవరో చెప్పి చేయించినట్టు, తెర నల్లగా అయిపోయింది.

"గా డబ్బ గంటకోపారి సచ్చి లేస్తున్నది గద రా. దాన్ని నమ్ముకుంటవా?" అన్నాడు.

మాట తగలాల్సిన చోటే తగిలింది. మా కంప్యూటర్ జబ్బు వేడి. మే నెలలో మా బొగ్గు ఊళ్ల ఎండ గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఆ ఎండలో నేను దానిచేత పెండ్లి వీడియోలు వండించేవాణ్ని. అంటే, కత్తిరించి అతికించిన ముక్కలన్నింటినీ, పూలవానతో సహా, కలిపి ఒకే సినిమాగా చేయమని చెప్పి వదిలేయాలి. నాలుగైదు గంటలు పడుతుంది. ఆ సేపంతా దాని మెదడు, అదే ప్రాసెసర్, గుక్క తిప్పుకోకుండా పనిచేస్తుంది, కాగిపోతుంది, ఒక హద్దు దాటాక కాలిపోకుండా తనను తానే ఆపేసుకుంటుంది. తెర మీద నలభై శాతం అని ఉంటుంది, టక్కుమని చీకటి. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అవ్వకు (మా దగ్గర అమ్మను అవ్వ అంటాం) దాని మీద జాలి. "అలిసిపోయింది రా, జరసేపు పండనియ్యి" అనేది. నేను ఆమెను అజ్ఞానం కింద జమకట్టి మళ్లీ స్విచ్చి నొక్కేవాణ్ని.

సరిగ్గా అప్పుడే నాకు మొదటి పెండ్లి దొరికింది. చెన్నూరులో స్టూడియో నడిపే బావ (మేనత్త కొడుకు, పెండ్లిళ్లకు కెమెరా పట్టేవాడు) ఒక పెండ్లి మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గిది మంచిగ చేసిస్తె ఇగ అన్నీ నీకే ఇస్త బామ్మర్ది. పిల్లను ఒడిబియ్యానికి తీసుకచ్చే రోజు ఇంటిల్లిపాది కూసోని చూస్తరట. పదిహేను రోజులున్నయ్" అన్నాడు. నేను ఆ మాటను ఇంట్లో కొంచెం పెంచి చెప్పాను, ఆదిలాబాద్ జిల్లా పెండ్లిళ్లన్నీ ఇక మన ఇంటికే వస్తాయన్నట్టు.

బాపు అంతా విని ఒక్క మాటే అన్నాడు. "గీ పెండ్లి మొదటికెల్లి ఆఖరిదాక ఒక్కపారి బందుగాకుంట తీసి సూపెట్టు. కాగితం చింపేస్త, మల్ల ఎన్నడు అడుగ. బందయిందనుకో, సంతకం వెట్టి నా బత్తి నువ్వు పట్టుకోవాలె." (బత్తి అంటే బాయిలో దిగేవాళ్లు నెత్తికి పెట్టుకునే దీపం.)

"సరే" అన్నాను. అంటే ఇక నా జీవితం నాలుగైదు గంటలపాటు ఆ డబ్బా ఆరకుండా ఉండడం మీద ఆధారపడి ఉంది.

మొదట డబ్బా విప్పాను. ప్రాసెసర్ నెత్తిన వేడి పీల్చుకోవడానికి రేకుల దిమ్మె ఒకటి ఉంటుంది, దాని మీద చిన్న ఫ్యాను. ఆ రేకుల సందుల్లో బొగ్గు దుమ్ము, అవ్వ వెంట్రుకలు, ఒక బల్లి గుడ్డు పెంకు కలిసి మందంగా పేరుకుని ఉన్నాయి. పెయింట్ బ్రష్షుతో గంటసేపు దులిపాను. ఇంట్లో నల్లటి మేఘం లేచింది. అవ్వ ఆరేసిన వడియాలు ఆ ఏడాది నల్లగా తిన్నాం. సినిమా మాత్రం నలభై నుంచి యాభై ఐదు శాతానికి చేరింది. తాళి కట్టే దాకా వచ్చి, కట్టకుండా ఆగిపోయింది.

మంచిర్యాలకు పోయి, విడిభాగాలు అమ్మే భాయ్‌ను పట్టుకున్నాను. ఆయన దుకాణం ఒక మనిషి పక్కకు తిరిగితేనే పట్టేంత ఉండేది, జ్ఞానం మాత్రం గోదాములో పట్టనంత. నా గోడు విని, "అరే మియా, పేస్ట్ సూఖ్ గయా హోగా. ప్రాసెసర్‌కు, దిమ్మెకు నడుమ తెల్ల పేస్ట్ ఉంటది సూడు, అది ఎండిపోతే వేడి పైకి రాదు. గీ పేస్ట్ సూది తీస్కపో. బియ్యపుగింజంత పెట్టాలె, బస్. ఏక్ దానా. జాదా నక్కో" అన్నాడు. బస్సులో వస్తూ ఆలోచించాను. ఆయన వ్యాపారి, పిసినారితనం ఉంటుంది. నేను ఇంజనీరును. చల్లబరిచే మందు గింజంత పెడితే గింజంత చల్లబడుతుంది, సూదంతా పెడితే? ఇంటికొచ్చి, రొట్టె మీద అవ్వ నెయ్యి రాసినంత ఉదారంగా సూదిలో ఉన్నదంతా పిండి, దిమ్మె పెట్టి నొక్కాను. నాలుగు పక్కలా తెల్లగా పొంగి కారింది. తృప్తిగా అనిపించింది. ఆ సాయంత్రం సినిమా ముప్పై శాతానికే ఆగింది. మంగళస్నానాలు కూడా పూర్తి కాలేదు.

అప్పుడు నేను చేయాల్సింది గింజ సంగతి గుర్తు తెచ్చుకోవడం. చేసింది మాత్రం ఫ్యాన్లు తేవడం. పాత కంప్యూటర్ల నుంచి పీకిన ఫ్యాన్లు నాలుగు భాయ్ దగ్గరే దొరికాయి. నాలుగింటినీ డబ్బాకు ముందు రెండు, వెనక రెండు బిగించాను, నాలుగూ లోపలికి ఊదేట్టు. స్విచ్చి వేయగానే వచ్చిన చప్పుడుకు హాలేజ్ కాక నిద్రలోంచి లేచి వచ్చాడు. "ఏంరా ఇంజనీరూ, ఇంట్ల బాయి ఏమన్న తవ్వుతున్నవా? నా ఇంజన్ గూడ గిట్ల మొత్తుకోదు గదా!" అన్నాడు. డబ్బాను కంప్యూటర్ టేబుల్ కింద దానికోసమే చేయించిన చెక్క గూటిలో పెట్టి, గూటికి వెనక చెక్క ఉండటం వల్ల దుమ్ము రాదని సంతోషించాను.

అప్పటికీ ఆరిపోవడం మానకపోయేసరికి ఇక పెద్ద అస్త్రం తీశాను. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూలర్‌ను, అంటే అవ్వ, బాపు పడుకునే గదిలోని కూలర్‌ను, లాక్కొచ్చి కంప్యూటర్ ఎదురుగా నిలబెట్టాను. మంచిర్యాల ఇన్‌స్టిట్యూట్‌లో ఏసీ గది తలుపులు మూసి ఉంచేవారు కదా, చల్లదనం బయటికి పోకుండా. అదే విద్య ఇక్కడా చేశాను. కిటికీలు మూశాను, తలుపు దగ్గరికేసి కింద గోనెసంచి కుక్కాను. కూలర్ పెట్టుకుంటే ఒక కిటికీ తెరిచి ఉంచాలని మా ఊళ్లో బడికి పోని పిల్లాడికి కూడా తెలుసు. సర్టిఫికెట్ ఉన్నవాడు నేనొక్కణ్నే కాబట్టి తెలియనివాడినీ నేనొక్కణ్నే. గంటలో గది ఇడ్లీ పాత్రలా అయింది. గోడలు చెమర్చాయి. డబ్బా మీద చెయ్యి పెడితే జివ్వుమని లాగింది. అవ్వ వచ్చి ముట్టుకుని, "అవ్వో, గిది కొరుకుతున్నది రా!" అని వెనక్కి గెంతింది. తర్వాత మూడు రోజులు ఆమె ఆ గదిలోకి చీపురు పట్టుకుని గోడ వెంబడి నడిచేది.

గడువు ఇంక నాలుగు రోజులుందనగా, ఆ ఆవిరిలోనే బనీను తడిసిపోయి కూర్చుని ఉన్నాను. బాపు షిఫ్టు దిగి వచ్చాడు. రోజూ నేరుగా లోపలికొచ్చి టిఫిన్ డబ్బా పెట్టే మనిషి, ఆ రోజు తలుపు తోసి గడప దగ్గరే ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చి, తల కొంచెం వంచి, ఏదో వింటున్నట్టు నిలబడ్డాడు. అవ్వ వంటింట్లోంచి నీళ్ల చెంబుతో వచ్చింది.

"లోపల ఎవ్వలున్నరు?" అన్నాడు.

"ఎవ్వలుంటరు, నీ కొడుకే."

"బయటికి పిలువు."

(గాలి ఆగిన చోట ముందు మనిషిని బయటికి తీయాలి, మిగతాదంతా తర్వాత. అది ఆయన పనిలో మొదటి నియమమని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అప్పుడు మాత్రం కొట్టడానికి పిలుస్తున్నాడనుకుని అవ్వ వెనక నిలబడ్డాను.)

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్లి వెనక కిటికీ తెరిచాడు. కూలర్ ఆపాడు. కాసేపు నిలబడి, "ఊదుబత్తి తే" అన్నాడు అవ్వతో.

"గిప్పుడు దేవునికా? కాళ్లు గడుక్కో ముందుగాల."

"దేవునిక్కాదే, తే."

ఊదుబత్తి ముట్టించి, టేబుల్ అంచు పట్టుకుని, ఒక్కో మోకాలు వంచుతూ నెమ్మదిగా కింద కూర్చున్నాడు. "బాయిల అగ్గి ముట్టియ్యద్దు. గిక్కడ ఫికర్ లేదు" అని తనలో తనే అనుకుని, పొగను ఒక్కో ఫ్యాను దగ్గరికి తీసుకుపోయాడు. పొగ ముందు నుంచి లోపలికి పోయింది. వెనక నుంచీ లోపలికే పోయింది. పోయిన పొగ కాసేపు లోపల తిరిగి, సందుల్లోంచి కక్కినట్టు బయటికొచ్చి, గూటిలోనే గిరగిర తిరిగి, మళ్లీ ఆ ఫ్యాన్ల నోట్లోకే పోయింది. బాపు దాన్ని చాలాసేపు చూశాడు. అంత శ్రద్ధగా ఆయన నా ప్రోగ్రెస్ కార్డు కూడా చూడలేదు.

"అన్ని లోపలికేనా?"

"ఊదితేనే గద సల్లవడేది. చాయ్ మీద ఊదమా బాపూ?"

"మూత పెట్టి ఊదుతవా?"

నేను చెక్క గూటి వైపు చూశాను.

"మంచి గాలి వచ్చే తొవ్వ ఒకటుండాలె, కాగిన గాలి పోయే తొవ్వ ఒకటుండాలె. రెండు ఏడ గూడ కలువద్దు. కలిస్తే పోయిందే మల్ల వస్తది. బాయిల గట్లయితే మనిషి పడిపోతడు రా. నీ డబ్బ గూడ పడిపోతున్నది, అంతే" అన్నాడు. తర్వాత డబ్బా పక్క రేకు తీయించి, ప్రాసెసర్ వైపు వేలు చూపి, "గా తెల్లగ కారుతున్నదేంది?" అని అడిగాడు.

"సల్లగ ఉంచే మందు."

"గంతనా?"

ఆ ఒక్క మాటకే నాకు భాయ్ చెప్పిన గింజ గుర్తొచ్చి ముఖం కాలిపోయింది. తర్వాత ఎవరూ చూడకుండా దిమ్మె ఊడదీసి, అంతా తుడిచి, బొమ్మ గీసినట్టు గింజంత పేస్ట్ పెట్టాను. ఆ సంగతి ఇన్నేళ్లకు ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

వెనక ఫ్యాన్లు రెండూ బయటికి ఊదేట్టు నా చేత తిప్పించాడు. సుత్తి తెచ్చి గూటి వెనక చెక్కను నాలుగు దెబ్బల్లో ఊడగొట్టాడు. టేబుల్‌ను జరిపి దాని వీపు కిటికీకి పెట్టించాడు. "ఇగ పరద గావాలె" అని ఇల్లంతా చూసి, అవ్వ పెట్టెలోంచి మందపాటి దుప్పటి లాగాడు. "నా పెండ్లినాటిది!" అని అవ్వ అడ్డం పడింది. "గట్టిది గద, గందుకే" అని ఆయన దాన్ని మూరలతో కొలిచి, చింపి, అంచు రెండు మడతలు వేసి, సన్నటి చెక్కపట్టీ కింద పెట్టి మేకులు కొట్టాడు. డబ్బా చుట్టూ, ముందు సగం గది వైపు, వెనక సగం కిటికీ వైపు ఉండేట్టు, వేలు దూరే సందు లేకుండా పరదా దిగింది. మడత వేసేటప్పుడు ఆయన చేతులు చూశాను. ఎక్కడా తడబాటు లేదు, ఒక్క మేకు కూడా రెండోసారి కొట్టలేదు. ఇరవై ఏళ్లుగా నేను తింటున్న అన్నం ఏ పనిలోంచి వస్తోందో ఆ రోజే మొదటిసారి చూశాను. గొప్పగా అనిపించింది. ఆ మాట పైకి అనలేదు, ఎందుకంటే ఇంజనీరును నేను కదా.

చివరికి అవ్వ కుట్టుదారం ఒక జానెడు తెంపి వెనక ఫ్యానుకు కట్టాడు. దారం గాల్లో తేలి కిటికీ వైపు నిక్కింది. "గిది లేచి ఉన్నంతసేపు ఫికర్ లేదు. పడితే చెప్పు" అన్నాడు.

ఆదివారం పొద్దున పెండ్లి మొదలుపెట్టాను. సెలవు రోజు కాబట్టి బాపు ఇంట్లోనే ఉన్నాడు, ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. కాగితం ఆయన చొక్కా జేబులో కనబడుతోంది. అవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పందెం సంగతి ఎలా తెలిసిందో, హాలేజ్ కాక కూడా వచ్చి గోడకు చేరబడ్డాడు. ముప్పై దాటింది. నలభై దాటింది. యాభై ఆరు దగ్గర తాళి కట్టారు. అవ్వ చిక్కుడుకాయలు వదిలి దండం పెట్టింది. అరవై, డెబ్బై, తలంబ్రాలు, బరాత్. నేను అంకెను తప్ప ఏమీ చూడటం లేదు. బాపు తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన దారాన్ని చూస్తున్నాడు.

ఎనభై ఎనిమిది దగ్గర హాలేజ్ కాకకు అప్పగింతలు దగ్గర నుంచి చూడాలనిపించింది. ఆయన లేచి, టేబుల్‌కు, కిటికీకి నడుమ సందులోకి దూరి, పక్కనుంచి తెర మీదికి మెడ చాచి, తన వెడల్పాటి వీపును సరిగ్గా కిటికీకి ఆనించి నిలబడ్డాడు. దారం మెల్లగా వంగింది. వంగి, వేలాడింది. ఫ్యాన్ల మోత మారింది.

"జరుగు! తొవ్వల కెల్లి జరుగు!"

ఆ గొంతు మా బాపుదని నాకు వెంటనే తెలియలేదు. ఇంట్లో అంత పెద్దగా ఎన్నడూ మాట్లాడని మనిషి. పీట పక్కకు పడిపోయింది. కింద కూర్చోవడానికి టేబుల్ పట్టుకునే మనిషి, ఒక్క ఉదుటున గది దాటి కాకను రెండు చేతులతో అవతలికి తోశాడు. కాక వెళ్లి అవ్వ చిక్కుడుకాయల గంపలో పడ్డాడు. దారం మళ్లీ లేచింది. బాపు కిటికీ పక్కన గోడ పట్టుకుని, కళ్లు మూసుకుని, మోకాలు ఒకటి చేత్తో నొక్కుకుంటూ నిలబడ్డాడు. నేను తెర వైపు తిరిగాను. ఎనభై తొమ్మిది.

వంద అయ్యింది. పెండ్లికూతురు అత్తగారింటికి చేరింది. నేను గంతులేశాను, అవ్వను ఎత్తబోయాను, కాకకు చేయి కూడా ఇవ్వలేదు. బాపు జేబులోంచి కాగితం తీసి, మడత విప్పకుండానే నిలువుగా, అడ్డంగా చింపి, ముక్కలు అవ్వ చేతికిచ్చాడు. "పొయ్యిలెయ్యి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే టిఫిన్ డబ్బా తీసుకుని మొదటి షిఫ్టుకు పోయాడు. చెన్నూరు బావ వచ్చి డిస్కు చూసి, ఆ పరదా చూసి, "గిదేందిది, ఎవలు చేసిన్రు గింత తెలివి?" అన్నాడు. "నేనే" అన్నాను.

ఆ మాట ఆరేళ్లు చెప్పాను. బావ పెండ్లిళ్లు తెచ్చాడు, తర్వాత ఇంకొకరు తెచ్చారు, నేను కరీంనగర్‌కు మారి గది తీసుకున్నాను, ఒకరికి నలుగురం అయ్యాం. ఇప్పుడు నా యంత్రానికి నీళ్ల గొట్టాలున్నాయి, అద్దం గోడలున్నాయి, లోపల రంగురంగుల దీపాలున్నాయి. కొత్తవాళ్లు వస్తే, బాయిలో దిగమన్న తండ్రిని పందెంలో ఓడించి పైకి వచ్చిన కథను చాయ్ తాగిస్తూ చెప్పేవాణ్ని. కథలో ఫ్యాన్లు నావి, తెలివి నాది, గెలుపు నాది. బాపు పాత్ర కాగితం చింపడం వరకే.

బాపు రిటైరైన రోజు కాలనీ హాల్లో శాలువా కప్పారు. భోజనాల దగ్గర హాలేజ్ కాక నా పక్కన కూర్చున్నాడు. పాత సంగతులు తీసి, చిక్కుడుకాయల గంప తలుచుకుని ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆయన అన్నాడు: "అవురా, నీకెరికేనా? గా ఎండాకాలమే మీ బాపుకు మోకాళ్లు పోయినయ్. బాయి ఎక్కనీకె చాతగాకపోతుండె. గా సుత్తి సంచి, బత్తి మేమే మోసేటోళ్లం. నువ్వు సంతకం వెడితే దిగిపోవచ్చని గా కాగితం ఎన్ని దినాలు జేబుల పెట్టుకోని తిరిగిండో! మల్ల ఆరేండ్లు బాయిల దిగిండు పాపం. ఇంట్ల ఒకలన్న దిగాలె గద."

నా ఆకులో అన్నం అలాగే ఉండిపోయింది. ఆ కాగితం నన్ను లోపలికి దింపడానికి అనుకున్నాను. ఆయన పైకి రావడానికి అన్న ఆలోచన నాకు ఒక్క రోజు, ఒక్క నిమిషం కూడా రాలేదు.

ఇంటికొచ్చాక శాలువా తీసి మడత పెడుతున్నాడు, ఆ పాత తీరులోనే అంచులు కలిపి. ఆగలేక అడిగేశాను. "గా రోజు నువ్వు ఊకుంటె అయిపోతుండె గద బాపూ. డబ్బ బందయితుండె, నేను సంతకం వెడుతుంటి, నువ్వు ఇంట్ల కూసుందువు. ఎందుకు బాగు చేసినవ్? కాకను ఎందుకు నూకినవ్?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఈ ప్రశ్న తనకెన్నడూ రానట్టు, వేసిన మడత విప్పి మళ్లీ వేశాడు.

"ఏమో రా. లోపల గాలాడుతలేదంటె నాకు ఇంకోటి యాదికి రాదు" అన్నాడు.

ఆ రాత్రంతా ఏడ్చానని రాస్తే అబద్ధం. మరుసటి వారం నుంచి చాయ్ దగ్గర చెప్పే కథ మార్చాను, అంతే. ఇప్పుడు ఆ కథలో నేను చేసిన ఘనకార్యం పేస్ట్ తుడవడం ఒక్కటే, దానికే అందరూ పడి పడి నవ్వుతారు. ఆ ఇరవై ఏళ్ల ఇంజనీరు మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను, రాదు. తడిసిన బనీనుతో, నోరు తెరిచి, తెర మీద ఎనభై తొమ్మిది, తొంభై అని లెక్కపెడుతూ కూర్చున్నాడు పాపం. పక్కన ఒక మనిషి మోకాలు పట్టుకుని నిలబడ్డాడు, తల తిప్పితే కనబడేవాడు.